పుస్తకాల్లో బతికే ఆట

మన ఉగాది వచ్చే రోజుల్లోనే అమెరికాలో బేస్‌బాల్ సీజను కూడా మొదలవుతుంది. ఆ ఆట పేరెత్తగానే మనవాళ్ళలో చాలామందికి ఆవలింత వస్తుంది. "ఏముందండీ అందులో? గంటసేపు చూస్తే ఒకసారి బంతి లేస్తుంది" అంటారు. ఆ మాటకొస్తే, ఐదు రోజులాడి డ్రా అయ్యే ఆటను కన్నార్పకుండా చూసిన జాతి మనది! నిదానమైన ఆటను ఆస్వాదించడం మనకెవరూ నేర్పనక్కరలేదు.

నాకు బేస్‌బాల్ మీద ప్రేమ పుట్టింది మాత్రం మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో. ఇంజనీరు బుద్ధి కదా, మొదట అంకెల కోసం చదివాను, తరువాత మనుషుల కోసం చదివాను. చదివినకొద్దీ ఒక విషయం బోధపడింది. ఈ ఆట చరిత్రను ఆటగాళ్ళతోపాటు రాసేవాళ్ళు నిలబెట్టారు. రాసినదాన్ని గుడ్డిగా నమ్మని పాఠకులు దాన్ని సరిదిద్దారు.

ముందుగా క్రికెట్‌తో దీనికున్న చుట్టరికం చెప్పాలి. హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, 12 ఏళ్ళ వయసులో కుటుంబంతో బ్రూక్లిన్‌కు వలస వచ్చాడు. పత్రికలకు క్రికెట్ వార్తలు రాసే ఈయన 1856లో హోబోకెన్‌లో ఒక బేస్‌బాల్ ఆట చూసి దానికి దాసుడైపోయాడు. క్రికెట్ స్కోరుకార్డును ఈ ఆటకు తగ్గట్టు మార్చి 'బాక్స్ స్కోర్' అనే పట్టికను తీర్చిదిద్దాడు. ఆట చూడనివాడు కూడా మర్నాడు పేపర్లో ఆ నాలుగు అంగుళాల పట్టిక చదివి ఆటంతా కళ్ళకు కట్టించుకోవచ్చు. స్ట్రైకౌట్‌ను నేటికీ 'కె' అనే అక్షరంతో రాస్తారు. ఇంగ్లీషులో 'స్ట్రక్' అన్న మాటకు అది చివరి అక్షరం. ఆ గుర్తూ చాడ్విక్ పెట్టిందే.

ఈ ఆట ఇంగ్లండు పిల్లల ఆటల నుంచి పుట్టిందని చాడ్విక్ వాదన. క్రీడా సామగ్రి వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కు అది రుచించలేదు. అమెరికా జాతీయ క్రీడకు పరాయి పుట్టుకా? 1905లో ఆయన పూనికతో ఒక కమిషన్ ఏర్పడింది. ఏబ్నర్ డబుల్‌డే అనే ఆయన 1839లో కూపర్స్‌టౌన్ గ్రామంలో ఈ ఆటను కనిపెట్టాడని అది 1907 చివరిలో తేల్చింది. ఆధారం ఏమిటంటే, ఏబ్నర్ గ్రేవ్స్ అనే ఒక ముసలాయన రాసిన ఉత్తరం. 1839లో గ్రేవ్స్ వయసు 5 ఏళ్ళు! తరువాత అంతర్యుద్ధంలో సేనానిగా పేరు పొందిన డబుల్‌డే ఆ ఏడు వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చదువుకుంటున్నాడు. తానొక ఆట కనిపెట్టినట్టు ఆయన ఎక్కడా రాసుకోలేదు. అయినా ఆ కథ నిలిచింది. 1939లో కూపర్స్‌టౌన్‌లోనే హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచారు.

ఈ కథను గట్టిగా ఎదిరించినవారిలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసిన రాబర్ట్ హెండర్సన్ ఒకరు. పాత పుస్తకాలు తిరగేసి, 1947లో తన పుస్తకంలో ఆ కథకు పునాది లేదని నిరూపించాడు. బేస్‌బాల్ పేరు 1744లో లండన్‌లో జాన్ న్యూబెరీ వేసిన ఒక చిన్నపిల్లల పుస్తకంలోనే ఉంది. జేన్ ఆస్టిన్ నవల 'నార్తాంగర్ ఆబీ'లో కూడా కనిపిస్తుంది.

తప్పు రాయడం ఒక ఎత్తు, అసలు రాయకపోవడం మరొక ఎత్తు. మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడిన 1884 తరువాత, 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్‌లో మైదానంలోకి దిగేదాకా, మేజర్ లీగుల్లో నల్లజాతివారికి చోటు లేదు. వాళ్ళు తమ లీగులు తామే పెట్టుకుని ఆడారు. ఆ రోజుల్లో జాష్ గిబ్సన్‌ను మించిన హిట్టరు లేడని చూసినవాళ్ళు చెప్పేవారు. రాబిన్సన్ రావడానికి మూడు నెలల ముందే ఆయన 35 ఏళ్ళకు చనిపోయాడు.

1970లో రాబర్ట్ పీటర్సన్ అనే పాత్రికేయుడు ఆ లీగుల చరిత్రను పుస్తకంగా తెచ్చాడు. 1971లో 16 మంది అభిమానులు కూపర్స్‌టౌన్‌లో కలిసి ఒక పరిశోధక సంఘం పెట్టుకున్నారు. ఇలాంటి అభిమానులే దశాబ్దాల తరబడి 'పిట్స్‌బర్గ్ కూరియర్', 'చికాగో డిఫెండర్' వంటి నల్లజాతి పత్రికల పాత సంచికల్లోంచి బాక్స్ స్కోర్లు ఒక్కొక్కటిగా ఏరారు. మేజర్ లీగు బేస్‌బాల్ సంస్థ 2020లో ఆ లీగులకు సమాన హోదా ఇచ్చి, 2024 మేలో ఆ అంకెలను తన లెక్కల్లో కలిపింది. దాంతో .372 సగటు ఉన్న గిబ్సన్, ఎన్నో ఏళ్ళుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ను దాటాడు. చనిపోయిన 77 ఏళ్ళకు! చాడ్విక్ పట్టికే లేకపోతే ఏరడానికి ఏం మిగిలి ఉండేది?

ఆ టై కాబ్ 1961లో పోయినప్పుడు, లారెన్స్ రిట్టర్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడికి ఒక బెంగ పట్టుకుంది. పాత ఆటగాళ్ళందరూ ఇలాగే వెళ్ళిపోతే వాళ్ళ కథలు ఎవరు చెబుతారు? టేప్ రికార్డరు పట్టుకుని ఊరూరా తిరిగి, వృద్ధులైన ఆటగాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1966లో అచ్చయిన ఆ పుస్తకాన్ని నేను చాలాసార్లు చదివాను. అందులో పరుగుల లెక్కలు తక్కువ. ఊళ్ళు, రైళ్ళు, ఇంట్లో చెప్పకుండా ఆటకు పారిపోయి వచ్చిన కుర్రవాళ్ళు ఎక్కువ.

మన సంగతీ ఆలోచించండి. ఈ దేశానికి మొదట వచ్చిన తెలుగువాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు. మొదటి చలికాలం ఎలా గడిపారో, గోంగూర ఎక్కడ వెతికారో, మొదటి ఉగాదికి ఎవరింట్లో ఎంతమంది చేరారో వాళ్ళకే తెలుసు. ఎవరూ రాయకపోతే ఆ ఖాళీలో ఏ డబుల్‌డే కథో వచ్చి కూర్చుంటుంది. రిట్టర్ మోసిన టేప్ రికార్డరు ఇవాళ ప్రతి జేబులోనూ ఉంది. పిల్లలను తాతగారి పక్కన, అమ్మమ్మగారి పక్కన కూర్చోబెట్టండి. అడగమనండి, తేదీలతో సహా రాసుకోమనండి. వచ్చే ఏటి సంచికలో వాటికి చోటు ఇమ్మని సంపాదకులను నేనే అడుగుతాను.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.