ఇరుసును కుండయు

నాపరాళ్లకుఁ బేరొందిన మాచర్లలో, నా బాల్యమున, వడ్రంగి పాతబండి చక్రమును మఱియొక బండికిఁ దొడుగునపుడు, ఆకులను జూచుటకు మునుపే కుండరంధ్రమును వ్రేలితోఁ దడవి చూచెడివాఁడు. ఇరుసునకుఁ గుండ వదులైనచో, చక్రమెంత గట్టిదైనను బండి యూఁగును.

పిదపఁ జక్రము మాఱినది. 1888లో డన్‌లప్ గాలిటైరును రూపొందించెను. 1924లో బుగాటీ తన 35వ రకపు పందెపుకారునకు అల్యూమినియపు మిశ్రలోహచక్రములను దొడిగెను. మాఱనిది కుండకును ఇరుసునకును గల పొత్తే.

ఇటీవల మా యల్లుఁడు తన స్విఫ్టుకారునకుఁ బాత అల్లాయిచక్రములను గొని తెచ్చెను. నాలుగు రంధ్రములును 100 మిల్లీమీటర్ల వలయముననే యున్నవి గావున, నట్లు చక్కఁగా నెక్కినవి. ఆ మెఱుఁగు చూచి యిల్లెల్ల మురిసినది, నేనును మురిసితిని. కారంపూడి బాటను వేగము హెచ్చఁగనే స్టీరింగు వణఁకెను. వెనుకసీటున మా మనుమరాలు నిద్రించుచుండెను.

విప్పి కొలువఁగా, కారు హబ్బు 54.1 మిల్లీమీటర్లు, చక్రపు నడిమిరంధ్రము 60.1. చుట్టును మూఁడేసి మిల్లీమీటర్ల సందు! అమ్మినవాఁడు నట్లరంధ్రముల లెక్కయే చెప్పెను. మేమును అదియే యడిగితిమి. ఆ సందునఁ దగిన వలయమును జొనిపి, చక్రమును నేలనుండి లేపి, నట్లను ఎదురెదురుగా బిగింపఁగా వణఁకు మానెను.