కీళ్లవాతం మందులు – కొంత చరిత్ర, కొంత జాగ్రత్త

మన సంఘ సమావేశాల్లో డి.ఏ. బకాయిల తర్వాత ఎక్కువగా వినిపించే మాట మోకాళ్ల నొప్పులే. అయితే అరుగుదల నొప్పి వేరు, రుమటాయిడ్ కీళ్లవాతం వేరు. రెండవదానిలో, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేస్తుంది. నా శ్రీమతి పదేళ్లుగా ఈ జబ్బుకు మందులు వాడుతున్నది. అందుచేత వాటి చరిత్ర కొంత చదివాను. సభ్యులకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్, కదలలేని స్థితిలో ఉన్న ఒక యువతికి కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇప్పించారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాని సంబరం ఎక్కువకాలం నిలవలేదు. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, అంటురోగాలు సులువుగా సోకడం బయటపడ్డాయి. వాపును అణచే మందు శరీరపు కాపలాను కూడా అణచివేస్తుంది. లోపల రోగం ముదురుతున్నా జ్వరం పైకి కనబడకపోవచ్చు.

రెండవ మందుతో మన తెలుగువారికి సంబంధం ఉన్నది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలోనే మెథోట్రెక్సేట్ రూపుదిద్దుకున్నది. తొలుత దానిని క్యాన్సర్‌కు వాడారు. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. 40 ఏళ్ల తర్వాత, 1988లో, అమెరికాలో దానిని కీళ్లవాతానికి ఆమోదించారు. ఈ జబ్బుకు దీనిని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మూడవది 1998లో వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్. 2001లో, దీనిని వాడినవారిలో 70 మందికి క్షయ వచ్చినట్లు వైద్య పత్రికలో ప్రకటించారు. ఎప్పుడో ఒంట్లో చేరిన క్షయ క్రిములను శరీరం గోడ కట్టి బంధించి ఉంచుతుంది. ఈ మందు ఆ గోడను బలహీనపరుస్తుంది. అందుకే ఇప్పుడు ఇటువంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్షలు చేయిస్తారు. మా ఇంట్లో "దగ్గే లేదు, ఈ పరీక్షలెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

మందులు మానమని నా ఉద్దేశం కాదు. వాటివల్లనే నా శ్రీమతి చేతులతో ముగ్గు వేయగలుగుతున్నది. సభ్యులకు నా మనవి ఇంతే: స్టెరాయిడ్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు, చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపవద్దు. జ్వరం, తగ్గని దగ్గు, బరువు తగ్గడం ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఏ టీకాలు వేయించుకోవచ్చో, ఏవి కూడదో ముందుగా అడగండి. ఏ జబ్బుకు ఏ ఆసుపత్రికి వెళ్లినా, మీరు వాడే మందుల చీటీ వెంట ఉంచుకోండి.