మాస్టారి బుల్లెట్టు, నా బుల్లెట్టు

(1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి)

స్వర్ణోత్సవ సంచికకి చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కమిటీ మిత్రులు అడిగారు. నేను ఇంజనీరుని, చరిత్రకారుణ్ణి కాను. మన బడి చరిత్ర నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. అందుకని నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క చరిత్ర రాస్తాను. ఆఫీసు గది పక్కన వేపచెట్టు కింద ఉండే మన సైన్సు మాస్టారి బుల్లెట్టు చరిత్ర అది. మాస్టారు కనపడకముందే ఆ బండి చప్పుడు వినపడేది. కాలవ వంతెన దగ్గర ‘డుగ్ డుగ్’ మొదలైందంటే చాలు, వరండాలో తిరిగేవాళ్ళందరూ బెంచీల మీద ఉండేవాళ్ళు.

బుల్లెట్ అనే పేరు ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1932లో ఆ పేరుతో బండి తెచ్చింది. 1950ల తొలి ఏళ్ళలో మన సైన్యం సరిహద్దు గస్తీ కోసం 800 బళ్ళు ఆర్డరిచ్చింది. ఆ ఊపుతో 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామిగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బళ్ళు తయారుచేయడం మొదలుపెట్టింది. 1970 ప్రాంతంలో ఇంగ్లండు కంపెనీ మూతపడింది గాని మద్రాసు ఫ్యాక్టరీ ఆగలేదు. 1977 నుంచి మద్రాసు బుల్లెట్టు ఇంగ్లండుకే ఎగుమతయింది. పుట్టింట్లో పొయ్యి ఆరిపోతే అత్తింటి నుంచి క్యారేజీ వెళ్ళినట్టన్నమాట. మాస్టారిది 1978 మోడలు, సెకండ్ హ్యాండుది.

పదో తరగతిలో అంతర్దహన యంత్రం పాఠం ఆయన బోర్డు మీద చెప్పలేదు. మమ్మల్ని వేపచెట్టు కిందకి తీసుకెళ్ళారు. తాళం తిప్పి, హెడ్‌లైటు పైనున్న అమ్మీటరు చూడమన్నారు. కిక్ రాడ్డుని కాలితో మెల్లగా నొక్కుతుంటే ముల్లు ఎడమకి వాలడం, మధ్యకి రావడం కనపడుతోంది. ముల్లు వాలిందంటే లోపల పాయింట్లు కలిసి కరెంటు పారుతోందని, మధ్యకి వచ్చిందంటే విడిపోయాయని చెప్పారు. ముల్లు మధ్యకి రాగానే డీకంప్రెషన్ లివరు నొక్కి, పిస్టన్ని శిఖరం దాటించి, లివరు వదిలేసి, అప్పుడు ఒక్క తన్ను తన్నారు. బండి లేచింది. పుస్తకంలో ‘ముషలకం’ అని బట్టీ పట్టిన వస్తువు ప్రాణంతో కొట్టుకోవడం ఆ రోజే చూశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు నేను దొంగతనంగా బండెక్కాను. తాళం బండికే ఉంది. ముల్లూ లేదు, లివరూ లేదు; బలమంతా కాలిలో పెట్టి తన్నాను. కిక్ రాడ్డు తిరగ్గొట్టింది. చీలమండ వాచిపోయి కింద కూలబడ్డాను. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన చేయి కడుక్కుని వచ్చి, కాలు పట్టి చూసి, “ఒరేయ్, దీనికి బలం అక్కర్లేదురా, సమయం తెలియాలి” అన్నారు. అదే బండి వెనక కూర్చోబెట్టుకుని ఇంట్లో దింపారు. మా నాన్నతో మాత్రం మెట్ల మీద జారాడని చెప్పారు. ఇంజనీరింగులో చేరాలన్న ఆలోచన ఆ వెనక సీటు మీదే పుట్టింది.

కిందటేడు మాస్టారు పోయారు. వాళ్ళబ్బాయి నాకు ఫోన్ చేసి, “నాన్న బండి మీకే ఇమ్మన్నారండీ” అన్నాడు. పదేళ్ళుగా పశువుల కొట్టంలో ఉన్న బండి అది. పాయింట్లు, కండెన్సరు, క్లచ్ ప్లేట్లు, వైరింగు మార్చి, కార్బురేటరు కడిగించేసరికి మూడు నెలలు పట్టింది. అప్పటికే నా దగ్గర కొత్త బుల్లెట్టు 350 ఉంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దాని మీదే ఊరొచ్చి, ఒకే రోజు తెల్లవారుజామున ఒకే కాలవగట్టు రోడ్డు మీద రెండూ నడిపాను.

కాగితం మీద చూస్తే అవి అన్నదమ్ములే. పాతది 346 సీసీ, కొత్తది 349. పాతదాని స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, కొత్తదానిది 85.8. టాంకు మీద గీతలు, హెడ్‌లైటు పక్కన రెండు పులికళ్ళ దీపాలు రెండిటికీ ఉన్నాయి. నడిపితే మాత్రం తరాల తేడా తెలుస్తుంది. పాత ఇంజను బరువైన చక్రాన్ని తిప్పుతూ తీరిగ్గా కొట్టుకుంటుంది. నాలుగే గేర్లు. 60 దగ్గర హాయిగా ఉంటుంది, 80 దగ్గర అద్దంలో లోకమంతా వణుకుతుంది. కొత్తదాంట్లో వణుకుని చంపే బ్యాలెన్సర్ షాఫ్టు ఉంది. అయిదు గేర్లు. 90లో కూడా అద్దంలో వెనక లారీ నంబరు చదవచ్చు. 195 కిలోల బరువు కదిలేదాకానే తెలుస్తుంది. హైదరాబాదు నుంచి నాలుగొందల కిలోమీటర్లు వచ్చినా నడుం పట్టలేదు. పాతదాని మీద తణుకు వెళ్ళొచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కాయి.

అసలు పరీక్ష తిరుగుదారిలో వచ్చింది. పాత బుల్లెట్టుకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అది పాత ఇంగ్లీషు బళ్ళ పద్ధతి. 1970ల మధ్యలో అమెరికా గేరు ఎడమవైపే ఉండాలని నిబంధన పెట్టడంతో ప్రపంచమంతా అటు తిరిగింది. 1980ల్లో మన దేశానికి వచ్చిన జపాను వంద సీసీ బళ్ళూ అలాగే వచ్చాయి. బుల్లెట్టు మాత్రం ఈ శతాబ్దం మొదటి ఏళ్ళదాకా కుడివైపు గేరుతోనే వచ్చింది. ఇదంతా నాకు తెలుసు, కాలికే తెలియదు. బడి మలుపులో యూనిఫారం వేసుకున్న అమ్మాయి సైకిలు మీద సందులోంచి వచ్చింది. కుడికాలు బ్రేకనుకుని గేరు తొక్కింది. పాతదాంట్లో కిందికి తొక్కితే గేరు పెరుగుతుంది. మూడులో ఉన్న బండి టాపులో పడి అలాగే పోతోంది. ముందు బ్రేకు పిసికి, గట్టువైపు కోసేసరికి సైకిలుకి జానెడు దూరంలో ఆగాను. ఆ పిల్ల నన్నూ బండినీ ఎగాదిగా చూసి, “చూసి నడపండి తాతగారూ!” అని వెళ్ళిపోయింది.

ఆ జానెడు దూరం నాకు చాలా నేర్పింది. ‘పాతది బంగారం’ అని ఈ వ్యాసం ముగిద్దామనుకున్నవాణ్ణి. ఇప్పుడు అలా రాయలేను. కొత్తదానికి ముందు 300 మిల్లీమీటర్ల డిస్కు ఉంది, ఏబీఎస్ ఉంది. చక్రం బిగుసుకుపోబోతుంటే అది కనిపెట్టి, బ్రేకుని క్షణంలో చాలాసార్లు వదిలి పట్టుకుంటుంది. 125 సీసీకి మించిన బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అది తప్పనిసరి. పిల్లలు నడిచే రోడ్డు మీద నడపాల్సింది కొత్తదే. సందేహం లేదు.

అయితే కొత్తదానికి కిక్ రాడ్డు లేదు, చూసుకోవడానికి ముల్లూ లేదు. బటన్ నొక్కితే కంప్యూటరు అన్నీ చూసుకుంటుంది. తప్పు చేసినా తిరగ్గొట్టదు. దాన్ని వేపచెట్టు కింద నిలబెట్టి పాఠం చెప్పలేం. ప్రయాణానికి కొత్తది, పాఠానికి పాతది. మాస్టారుంటే ఏబీఎస్ ఎలా పనిచేస్తుందో నా చేత వివరంగా చెప్పించుకుని మరీ వెనక కూర్చునేవారు. ఆయన ఉండగా ఆ పని చేయలేకపోయాను, ఆ లోటు నాకు ఉండిపోతుంది.

అందుకే మాస్టారి బండిని బడికి ఇచ్చేస్తున్నాను. హెడ్‌మాస్టరుగారు ఒప్పుకున్నారు. సైన్సు గదిలో స్టాండు మీద ఉంటుంది, రోడ్డెక్కదు. అద్దాల బీరువాలో పెట్టవద్దని మాత్రం కోరాను. ఏడాదికోసారి వచ్చి పాయింట్లు సరిచేసే పూచీ నాది. స్వర్ణోత్సవం రోజు ఉదయం వరండా ముందు ఉంచుతాం. వేపచెట్టు ఇప్పుడు లేదు, ఆ చోట సైకిల్ షెడ్డు ఉంది. స్టార్టు చేయాలన్నవాళ్ళు రండి. ముందు ముల్లు చూడండి, తర్వాతే తన్నండి. చీలమండకి నేను పూచీ పడను.