అల్కాబ్ నుంచి 'డియర్ షేక్' దాకా

పాత తరంలో ఖత్ రాయడం అంటే ముందు అల్కాబ్-ఓ-ఆదాబ్ తేల్చుకోవడం. అవతలివారు వయసులో పెద్దా చిన్నా, రిష్తేదారా, హాకిమా, తాజిరా అన్నదాన్ని బట్టి 'జనాబ్' అనో, 'మోహతరమా' అనో, 'బర్ఖుర్దార్' అనో మొదలుపెట్టేవారు. అసలు మజ్మూన్ రెండు ముక్కలే అయినా పై పలకరింపు మాత్రం నిండుగా ఉండాల్సిందే. తెలుగువాళ్లూ ఇందులో తక్కువేం తినలేదు. మగవారికి మ.రా.రా.శ్రీ., ముత్తయిదువకు చి.ల.సౌ., భర్త పోయినామెకు గం.భా.స. ఆ మూడు అక్షరాలు చూస్తే చాలు, ఆ ఇంట్లో ఏం జరిగిందో డాక్ బంట్రోతుకు కూడా తెలిసిపోయేది. ఆ చివరి రివాజు పోవడమే మంచిదయింది అనుకోండి. కానీ ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి: రాసేవాడికి అవతలి మనిషి హాల్ తెలియకపోతే ఖత్‌లో మొదటి పంక్తి కూడా సాగేది కాదు.

మనం తెలుగు అనుకునే 'చిరునామా' కూడా ఫార్సీ 'సర్‌నామా' నుంచి వచ్చిందే. ఖత్ తల మీద రాసేది సర్‌నామా.

ఈ బరువైన అల్కాబ్ మీద తిరగబడ్డవాడు మీర్జా గాలిబ్. సగం పేజీ బిరుదుల బదులు 'మియా', 'భాయీ' అని పిలిచి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు రాశాడు. ఆయన ఖతూత్ 'ఊద్-ఎ-హిందీ'గా 1868లో, 'ఉర్దూ-ఎ-ముఅల్లా'గా 1869లో అచ్చయ్యాయి. ఈనాటి దుకాణాలు పంపే ఈమెయిళ్లలో కనిపించే ఆ దోస్తీ స్వరం చూసినప్పుడల్లా నాకు గాలిబ్ గుర్తొస్తాడు. తేడా ఒక్కటే. గాలిబ్‌కు ఆ దోస్తు నిజంగా తెలుసు.

గాలిబ్ పోయిన పదేళ్లలోనే తిజారత్ డాక్ మీదికి ఎక్కింది. సర్కార్ 1877లో వి.పి.పి. పెట్టింది. 1879లో కాణీ ఖరీదుకు పోస్టుకార్డు, 1880లో పోస్టాఫీసు మనీయార్డరు వచ్చాయి. వి.పి.పి. అంటే మన క్యాష్ ఆన్ డెలివరీకి తాత. పార్సిల్ ఇచ్చి పోస్ట్‌మ్యాన్ పైసలు వసూలు చేస్తాడు, ఆ పైసలు మనీయార్డరుగా దుకాణదారుకు చేరతాయి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలెట్టిన అమృతాంజనం, మద్రాసులో కె.ఎన్. కేసరి గారి లోధ్ర వంటివి తెలుగు పత్రికల ప్రకటనల దారిన పల్లెలకు వచ్చిన కాలం అది. గోదావరి డెల్టాకు 1850ల్లో ఆనకట్ట, కాలవలు వచ్చాయి. వాటితో పంట, పంటతో పైసా, పైసాతో దూరాన ఉన్న దుకాణం నుంచి సరుకు తెప్పించుకునే షౌక్ వచ్చాయి. ఆ దుకాణాల గుమాస్తాలు గిరాకీల ఫెహ్రిస్త్‌లు చేత్తోనే రాసుకునేవారు. అచ్చు వేసిన కాగితం మీద '............ గారికి' అని చుక్కలు వదిలి, ఆ చుక్కల మీద పేరు నింపేవారు.

ఆ చుక్కల గీత మన ఇళ్లకు కొత్తది కాదు. షాదీ రుఖా అంటే అదే కదా. వందల కాపీలు ఒకే మజ్మూన్‌తో అచ్చవుతాయి. పైన 'జనాబ్' పక్కన జాగా ఖాళీ. ఇంట్లో దస్తూరీ బాగున్న పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టి పేర్లు రాయించేవారు. పక్కన నానీయో దాదీయో ఫెహ్రిస్త్ చెబుతూ ఉండేది: "వాళ్లింట్లో పెద్దాయన ఇంతెఖాల్ అయ్యారు, ఇప్పుడు కొడుకు పేరు రాయి." అంటించకుండా వదిలిన లిఫాఫా మీద 'బుక్ పోస్ట్' అని రాసి తక్కువ ఖర్చుతో డాక్‌లో వేసేవారు. ఈరోజు కంప్యూటర్ చేసేదీ ఈ పనే. దానికి నానీ లేదు, అంతే.

మన రాజమండ్రికే ఇంకో తరహా ఖత్ వచ్చింది. కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ ఫౌంటెన్ పెన్ను చేస్తే, అది అందుకున్న గాంధీజీ 1935లో వార్ధా నుంచి ఆయనకు షుక్రియా చెబుతూ జాబు రాశారు. గిరాకీ కారీగర్‌కు పేరు పెట్టి రాసిన ఖత్ అది. పెన్నుల మీద మోజున్నవాళ్లు ఇప్పటికీ బయటి దేశాల నుంచి ఆ దుకాణానికి రాసి తెప్పించుకుంటూనే ఉన్నారు.

ఇక మెషిన్ తారీఖ్. అమెరికాలో రే టాంలిన్సన్ 1971లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మెయిల్ పంపాడు. సరుకు అమ్ముకోవడానికి గంపగుత్తగా మెయిల్ పంపిన మొదటివాడిగా లెక్కకెక్కినవాడు గ్యారీ థూర్క్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ కొత్త కంప్యూటర్లు చూడ్డానికి రమ్మని 1978 మే 3న సుమారు 400 మందికి దావత్ పంపాడు. పతాలు ఎక్కువై, పైన గడిలో పట్టక మజ్మూన్‌లోకి జారిపోయాయి. తిట్లు తిన్నాడు, సరుకూ అమ్ముకున్నాడు. రెండూ నిజమే, అందుకే ఆ పని ఆగలేదు. 1980ల మొదట్లో వర్డ్‌స్టార్‌తో మెయిల్‌మెర్జ్ అనే తోడు ప్రోగ్రాం వచ్చింది. మన చుక్కల గీతను మెషిన్ నింపడం సామాన్య దుకాణదారుకు అందింది అప్పుడే.

మన దేశంలో మామూలు జనానికి వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది. మరుసటి ఏడు సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ తెచ్చారు. కువైట్, దుబాయ్ వెళ్లిన మన గోదావరి జిల్లాల పిల్లల ఖైరియత్ కోసం తల్లిదండ్రులు నెట్ సెంటర్ల ముందు కూర్చున్నది ఆ తర్వాతి ఏళ్లలోనే. ఆ పిల్లల కోసం తీసుకున్న మెయిల్ పతాలే తర్వాత దుకాణాల ఫెహ్రిస్త్‌లలోకి ఎక్కాయి.

ఇక్కడే మన పేర్ల కథ మొదలవుతుంది. ఈ ప్రోగ్రాములు కట్టినవాళ్ల దేశంలో మొదట వచ్చేది మనిషి పేరు, చివర వచ్చేది ఖాందాన్ పేరు. ఆంధ్ర ముసల్మాన్ల రివాజు తెలుగు ఇంటిపేర్లను అనుసరించింది. షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ ముందు వస్తాయి, పిలుపు పేరు వెనక. ఫారంలో 'ఫస్ట్ నేమ్' అనే గడిలో మొదటి మాటే పడుతుంది. ఫలితం 'డియర్ షేక్'. మొహమ్మద్‌ను పొట్టిగా రాసినవాళ్లకు 'హాయ్ ఎండీ'. ఒకే ఇంట్లో నలుగురుంటే నలుగురికీ అదే సలాం. మా ఇంట్లో అమ్మీకీ, చెల్లికీ, నాకూ ఒకే రోజు ఒకే పేరుతో మెయిల్ వస్తే ఎవరిదని ఎవరూ తెరవరు. హిందూ దోస్తులకూ ఇదే గతి. ఇంటిపేరుతో పిలిపించుకుని నవ్వుకుంటారు. దీనికి దవా తేలిక. 'మిమ్మల్ని ఏమని పిలవాలి?' అని ఫారంలో ఒక గడి పెడితే సరి. పతా గడులకూ ఇదే తిప్పలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అమలాపురం కోనసీమలోకి వెళ్లింది, చాలా ఫారాలు ఇంకా తూర్పుగోదావరి అంటూనే ఉన్నాయి. పార్సిల్ చేరేది 1972లో వచ్చిన పిన్‌కోడ్ పుణ్యాన.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి సరుకు నెట్‌లో అమ్మే మన పిల్లలకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు గట్టి చేశాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 పైన పంపేవాళ్లకు మూడు ముద్రలు ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంటే మీ తరఫున ఖత్ మోసే ఖాసిద్‌ల ఫెహ్రిస్త్. డీకేఐఎం అంటే లిఫాఫా మీద ముహర్. డీమార్క్ అంటే ముహర్ కలవకపోతే ఏం చేయాలో చెప్పే హుకుం. ఒక్క నొక్కుతో ఫెహ్రిస్త్ నుంచి బయటపడే దారి కూడా ఉండాలి. వెయ్యిమందిలో ముగ్గురు 'ఇది స్పామ్' అని నొక్కే స్థితికి రాకూడదు. కొన్న ఫెహ్రిస్త్‌తో మెయిల్ పంపితే ఆ గీత దాటడం ఎంతసేపు! ఇజాజత్ లేని తిజారత్ అది.

పేరు చూసి ఈద్ ఆఫర్ ఎవరికి, సంక్రాంతి ఆఫర్ ఎవరికి అని మెషిన్ వేరు చేస్తుంది. ఈద్ ముబారక్ అంటే ఎవరికి ఖుషీ కాదు? కానీ పేరును బట్టి మజ్హబ్ గడి నింపిన ఫెహ్రిస్త్ ఒకటి తయారైందంటే, అది రేపు ఎవరి చేతికి పోతుందన్న ఫికర్ నాకుంది. పార్లమెంటులో 2019లో పెట్టిన బిల్లు మజ్హబ్‌ను, కులాన్ని నాజూకు సమాచారంగా వేరుగా చూసింది. 2023లో చట్టమైనదానిలో ఆ విభజన లేదు. ఆ వదిలేయడం సరికాదని నా రాయ్.

మా అబ్బా ఇంతెఖాల్ అయి నాలుగేళ్లు. ఒక దుకాణం నుంచి ఏటా ఆయన మెయిల్‌కు సాల్‌గిరా ముబారక్ వస్తూనే ఉంది, పేరు పెట్టి, కేకు బొమ్మతో. మొదటి ఏడు అమ్మీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. బయటపడే లంకె నొక్కితే, ఆయనే లాగిన్ కావాలంది.

2023 చట్టం 14వ సెక్షన్‌లో దీనికి ఒక జవాబు ఉంది. మనం మరణించినా, తెలివి తప్పినా మన సమాచారం మీది హక్కులు ఎవరు వాడాలో ముందే నామినేట్ చేయవచ్చు. 6వ సెక్షన్ ప్రకారం ఇజాజత్ ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దుకాణాల మీద ముఖ్యమైన బాధ్యతలు పడడానికి అప్పటి నుంచి 18 నెలల మొహ్లత్ ఇచ్చారు, అంటే 2027 మే దాకా. అమ్మీ తన నామినీగా చెల్లి పేరు చెప్పింది. నన్నెందుకు చెప్పలేదని అడిగితే, "నీకొచ్చే మెయిళ్లే నువ్వు చూసుకోవు" అంది.