టేపుకెక్కిన జనం పాట

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి, పత్తి తోలే నర్సంపేట, పరకాల, ములుగు పల్లెల్లో ఒకప్పుడు నక్సలైటు ఉద్యమపు సాంస్కృతిక బృందం జన నాట్యమండలి పాట క్యాసెట్ల మీద తిరిగింది. ఒకరి దగ్గరున్నది ఇంకొకరు ఎక్కించుకుంటే చాలు, పాట మరో ఊరికి చేరేది. వినేవాళ్లే దాన్ని అచ్చేసి పంచినవాళ్లయ్యారు.

మండలి పుట్టుక 1970ల మొదట్లో. అల్వాల్‌లో బి.నర్సింగరావు పెట్టిన ఆర్ట్ లవర్స్ బృందం దానికి మూలం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ గదర్ పార్టీ పేరుతో గద్దర్ అయ్యారు. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు జముకు బాణీలు తెచ్చారు. నాట్ల పాట, ఒగ్గుకథ, బుర్రకథల వరుసల్లో కూలి రేటు, భూమి తగాదా, దొర దౌర్జన్యం చెప్పడం వీళ్ల ప్రయోగం. పాట ఆపి మాట్లాడతారు, మాటలోంచే మళ్లీ పాట అందుకుంటారు. డప్పు, గజ్జెలు, వంత ఉంటే చాలు.

1963లో ఫిలిప్స్ సంస్థలో లూ ఓటెన్స్ బృందం తెచ్చిన క్యాసెట్ 1980ల్లో మన దగ్గర చవకైంది. సి-60 అయితే పక్కకు అరగంట. దాని అంచునున్న రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేస్తే పాత పాట చెరగదు. ఆ గుంటలకు కాగితం అంటిస్తే సినిమా క్యాసెట్ మీదైనా కొత్త పాట ఎక్కుతుంది. కాపీకి కాపీ తీసేకొద్దీ బుసబుస పెరుగుతుంది, సన్నని స్వరాలు పోతాయి. డప్పు దెబ్బ, గద్దర్ గొంతు మాత్రం నిలబడతాయి.

గద్దర్ 1985లో అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇరాన్‌లో 1978లో ప్రవాసంలో ఉన్న ఖొమైనీ ప్రసంగాలు క్యాసెట్లపై తిరిగినట్టే, మనిషి రాలేని చోటికి గొంతు టేపు మీద వచ్చింది. 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికొచ్చారు. ఆ మేలో వరంగల్ రైతుకూలీ సంఘం మహాసభకు లక్షల మంది కదిలొచ్చారు. వాళ్లలో ఎందరికో ఆ పాటలు అప్పటికే కంఠతా వచ్చు. 1992లో నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్‌నూ దాని అనుబంధ సంఘాలనూ ప్రభుత్వం నిషేధించింది. పదేళ్ల తర్వాత తెలంగాణ ఉద్యమపు ధూంధాం వేదికల మీద అదే ఆటపాట ఒరవడి మళ్లీ లేచింది.

టేపు మీది అయస్కాంత పూత తేమకు, బూజుకు పాడైపోతుంది. మిగిలినవాటిని ఇప్పుడే డిజిటల్‌లోకి మార్చాలి. ఏ క్యాసెట్ ఏ ఊళ్లో దొరికిందో రాసిపెట్టాలి, బుసబుసతో సహా దాచాలి. ఎన్ని చేతులు దాటి వచ్చిందో ఆ చప్పుడే సాక్ష్యం.