తీగ తెగిన తరువాత

తిరుమలగిరి దండు ప్రాంతంలో ఉంటూ తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ‘క్షిపణి’ అన్న మాట దగ్గరే చిక్కు వస్తుంది. ‘క్షిప్’ అంటే విసరడం. విసిరింది చేయి దాటాక గాలిపాలే కదా. కాని ఈ ఆయుధం చరిత్ర అంతా, విసిరాక దాన్ని ఎవరు నడపాలి అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది.

1962లో రక్షణ పరిశోధనశాల ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్ వెలిసి, ఫ్రెంచి లైసెన్సుతో ఎస్.ఎస్. 11 తయారుచేసింది. ఆ క్షిపణి వెనుక సన్నని తీగ విచ్చుకుంటూ పోయేది. సిపాయి దాన్నీ, ట్యాంకునూ రెంటినీ చూస్తూ చేతిపిడితో దారి తిప్పాలి, తగిలేదాకా కదలరాదు. శత్రువు గుండు ఈలోగా అతన్నే వెతుక్కుంటూ రావచ్చు. తరువాతి మిలాన్‌లో గురి నిలిపితే చాలు, కాని తీగ మిగిలింది.

1983 సమగ్ర కార్యక్రమంలోని నాగ్ ఆ తీగను తెంపేసింది. దాని ముక్కులోని పరారుణ నేత్రం ట్యాంకు వేడిరూపాన్ని ప్రయోగానికి ముందే పట్టుకుంటుంది. ఎడారి ఎండలో ఇసుకా ఇనుమూ ఒకే వేడి అయితే ఆ నేత్రం తికమక పడింది. 1990లో తొలి పరీక్ష, 2020లో పోఖ్రాన్‌లో ఆఖరుది!

పల్లె నుంచి వచ్చిన సిపాయి ఇప్పుడు పేల్చి పక్కకు తప్పుకోవచ్చు. ఆ మేలును నేను కాదనను.

ఇవన్నీ పురాణాల్లోనే ఉన్నాయనే మిత్రులున్నారు. సరే, భారతమే చూద్దాం: సౌప్తికపర్వంలో అర్జునుడు అస్త్రాన్ని ఉపసంహరిస్తాడు, అశ్వత్థామకు అది చేతకాదు. నాగ్‌కు ఉపసంహారం లేదు. తీగ ఉన్ననాడు, పొరపాటు తెలిసిన సిపాయి చివరి క్షణంలోనైనా పిడిని పక్కకు తిప్పగలిగేవాడు.