నీలదంతుని పేరు, కారులోని పాట



జమ్మలమడుగు నుండి ముద్దనూరు మీదుగాఁ బులివెందులకుఁ బోవుచుండఁగా, కారులోని పాట తెగుచున్నదని మీ మనుమలు విసుగుకొనుట వినియే యుందురు. నింద బ్లూటూతు మీఁదఁ బడును. ఆ పేరు వేయేండ్ల నాఁటి యొక రాజుది. పదవ శతాబ్దిలో డెన్మార్కు నేలిన హరాల్డునకు నీలదంతుఁడను బిరుదు గలదు. విడివిడిగా నున్న డేనుల నాతఁ డొక్క ఛత్రము క్రిందికిఁ దెచ్చెను. 1997లో ఇంటెలు సంస్థలోని జిమ్ కార్డాకు, వేర్వేరు యంత్రములను గలుపు విద్యకు ఆ పేరు తాత్కాలికముగా సూచించెను. మన పల్లెలలో ముద్దుపేరే పాసుపుస్తకమున కెక్కినట్లు, అదియే నిలిచిపోయెను. ఫోను మీఁద మీరు చూచు గుర్తు కూడ ఆ రాజు పేరి తొలి యక్షరములు రెంటిని బ్రాచీన లిపిలోఁ గూర్చిన సంయుక్తాక్షరమే.

విద్య పుట్టుట అంతకు ముందే. 1994లో స్వీడను దేశపు ఎరిక్సను సంస్థ మొదలిడఁగా, యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి ఇంజనీరు రూపు దిద్దెను. 1998లో ఎరిక్సను, నోకియా, ఐబియం, ఇంటెలు, తోషీబా సంస్థలు కూటమిగా నేర్పడెను. దీని కిటుకంతయు గంతులలో నున్నది. పాట ఒక్క దారినే పోక, 79 దారుల నడుమ సెకనునకు 1,600 మాఱులు గంతులిడును. ఒక దారిలో రొద యున్న మఱియొక దారి దొరకును. 1942లో హెడీ లమారు అను సినిమానటియు, జార్జి ఆంథైలు అను సంగీతకర్తయు, టార్పిడోలను నడుపుటకై ఇట్టి గంతుల యుపాయమునకు అమెరికాలో పేటెంటు పొందిరి. బ్లూటూతు వారి సంతానమే యనువారు గలరు. నేనంత దూరము పోను గాని, చుట్టఱికము కాదనలేము.

మఱి పాట యేల తెగును? ముందుగా ఫోనులో దాఁచియుంచిన పాటను పెట్టి చూడవలెను. అది తెగకున్నచో బ్లూటూతు నిర్దోషి. దారిలో టవరు అందకుండుటయే దోషము. అదియుఁ దెగినచో ఫోనును జేబులోనుండి తీసి యెదుట నుంచవలెను. దేహములోని నీరు ఆ తరంగములను మ్రింగును. కారులో రెండు ఫోనులు పోటీపడుచున్నచో నొకదానిని విడఁదీయవలెను. అప్పటికిని కుదురనిచో బండి నిలిపి, పాత జతను ఫోనులోను కారులోను రెండుచోట్లఁ దుడిచి, మరల జతకూర్పవలెను. చాలమంది ఫోనులో మాత్రమే తుడుతురు. ఫోను మఱచినను గారు మఱవదు.

నాకీ విషయమున శ్రద్ధ గలుగుటకుఁ గారణము పాట కాదు. ఒకనాఁడు ప్రొద్దుటూరిలోని మా యింట నుండఁగా ఆసుపత్రి నుండి ఫోను వచ్చెను. ఎత్తితిని; మాట లేదు. వాకిట మా మనుమఁడు అప్పుడే కారు కదలింపఁ బోవుచున్నాఁడు. నా చెవికి రావలసిన మాట ఆ కారులోఁ బలుకుచుండెను: మా చెల్లెలికి వెంటనే రక్తము కావలెనని! వాఁడు విని పఱుగున వచ్చి చెప్పఁబట్టి సరిపోయినది. కారులో నెవ్వరును లేకున్నచో ఏమగునో! నాఁటినుండి ఇంట నున్నంతసేపు నా ఫోనులో బ్లూటూతును గట్టియే యుంచుచున్నాను.